ఫ్రిజ్ దగ్గర ఆగిన మాటలు

నవంబర్ 6, సోమవారం. గాలి 5.

ఈ పుస్తకం లాగ్‌బుక్కు నిండిపోతే వాడుకోమని సైటాఫీసు వాళ్ళిచ్చింది. అసలుదే ఇంకా సగం నిండలేదు. కాబట్టి ఇది నాది. పదకొండేళ్ళుగా టవర్ క్రేను ఎక్కి దిగుతున్నవాణ్ణి, తేదీ రాశాక పక్కన గాలి ఎంతో రాయకపోతే చెయ్యి ఊరుకోవడం లేదు. పోనీ, ఉండనీ. లెక్క సెకనుకి మీటర్లలో. పధ్నాలుగు దాటితే పని ఆపేయాలి. ఐదంటే హాయి.

మాటలు లేక ఇవాళ్టికి పన్నెండో రోజు. మానేసింది ఆవిడ, నేను కాదు. ఆవిడ మొదలుపెడితే నేను ఈ క్షణమే మాట్లాడతాను. నాకేం పట్టుదల లేదు.

జరిగింది ఇంతే. ఆవిడ కళ్ళజోళ్ళ షాపులో పవర్ చూస్తుంది. షాపు యజమాని బస్సులో రెండు గంటల దూరంలో ఇంకో షాపు తెరుస్తున్నాడు, దానికి ఆవిడే మేనేజరు. ఆ సంగతి చెప్పడానికి ఆయన, షాపువాళ్ళు నలుగురూ మా ఇంటికి వచ్చారు. టీలు తాగుతుంటే సరదాగా అన్నాను, "కళ్ళజోడు పెట్టి తియ్యడానికి మేనేజరు దేనికండీ" అని. అందరూ నవ్వారు. యజమాని కూడా నవ్వాడు. ఆవిడ ఒక్కతే నవ్వలేదు. వాళ్ళు వెళ్ళాక వంటింట్లో మాటా మాటా పెరిగి, "పోవాలనుంటే పో, నిన్నెవరు పట్టుకున్నారు" అన్నాను. కోపంలో ఎవరైనా అంటారు.

డిసెంబర్ 4న షాపు తెరుస్తారట. అక్కడే గది తీసుకుని పిల్లని కూడా తీసుకుపోతుందట. నాతో అనలేదు. ఫోన్‌లో వాళ్ళక్కతో అంటుంటే విన్నాను.

నవంబర్ 7, మంగళవారం. గాలి 4.

ఇప్పుడు మా ఇంట్లో కబుర్లు మోసేది మా అమ్మాయి పిచ్చుక. పదేళ్ళది. దాని అసలు పేరు బళ్ళో పిలుస్తారు, ఇంట్లో పిచ్చుకే. నేను ముందు గదిలో టీవీ దగ్గర, ఆవిడ వంటింట్లో బర్రుమనే ఫ్యాన్ కింద, మధ్యలో నడవాలో ఫ్రిజ్. పిచ్చుక అటూ ఇటూ.

రాత్రి భోజనానికి ముందు అన్నాను, "మీ అమ్మనడుగు, నా డబ్బా మూత ఎక్కడ పెట్టిందో. లేకపోతే అది కూడా కొత్త షాపుకి పట్టుకుపోతుందా అని."

వెళ్ళింది. ఈ పిల్లకి ఒక అలవాటు, ఫ్రిజ్ దగ్గర ఆగుతుంది. తలుపు తియ్యదు, ఊరికే నిలబడుతుంది. తినడానికేమైనా ఉందా అని ఆలోచన కాబోలు. కాసేపటికి తిరిగొచ్చి, "మూత వాసనొస్తోందని కడిగి ఆరబెట్టిందంట నాన్నా. నువ్వు పైన ఎండలో కూర్చుంటావు కదా, నీళ్ళు ఎక్కువ తాగమని చెప్పమంది" అంది.

నిజం చెప్పొద్దూ, కళ్ళు చెమ్మగిల్లాయి. గాలికేమో అనుకున్నాను. టీవీ ముందు గాలెక్కడిది.

ఎంతైనా మనసు మంచిది ఆవిడది.

నవంబర్ 8, బుధవారం. గాలి 6.

పిచ్చుక బడి మా సైటు గోడ పక్కనే. పదీ నలభైకి ఇంటర్వెల్. గ్రౌండ్‌లోకి వచ్చి నాకు చెయ్యి ఊపుతుంది. నేను క్యాబిన్ కిటికీలోంచి ఊపుతాను. రెండు క్రేన్లు పక్కపక్కనే ఉంటాయి కదా, ఏది నీదో గుర్తుండేలా ఎర్ర గుడ్డ కట్టు నాన్నా అని అదే అడిగితే కట్టాను.

ఇవాళ మళ్ళీ పక్క క్రేనుకి ఊపింది. ఈ మధ్య తరచూ ఇంతే. ఆ క్రేను ఆపరేటరు కూడా తిరిగి ఊపుతున్నాడు, వాడికేం పోయింది. సాయంత్రం ఏడిపించాను, "ఏమ్మా, నాన్నని మార్చేశావా" అని. నవ్వేసి లోపలికి పరిగెత్తింది.

నవంబర్ 10, శుక్రవారం. గాలి 5.

పిచ్చుక లెక్కల పుస్తకం చూశాను. ఎనిమిదున్నచోట మూడు, ఏడున్నచోట ఒకటి. చేసిన విధానం అంతా సరిగ్గానే ఉంది, బోర్డు మీంచి ఎక్కించుకోవడమే తప్పు. "పరధ్యానం ఎక్కువైంది నీకు" అని గట్టిగా కోప్పడ్డాను. తల దించుకుని విన్నది. ఆ తర్వాత నా దగ్గర్నుంచి వంటింట్లోకి, వంటింట్లోంచి నా దగ్గరకి మూడుసార్లు తిరిగింది. చివరిసారి తెచ్చిన కబురు ఇది: "నీ చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చిందంట. నీకు నీలం చొక్కా బాగుంటుందంది."

పదిహేనేళ్ళ కాపురంలో నీలం చొక్కా గురించి ఎన్నడూ అనలేదు మనిషి. మెల్లగా దారికొస్తోంది. నేను తొందరపడకూడదు. తనంతట తనే వచ్చి మాట్లాడుతుంది.

నవంబర్ 13, సోమవారం. గాలి 16.

పని ఆపేశారు. ఇంటికి వెళ్ళాలనిపించలేదు. కింద షెడ్డులో కూర్చున్నాను.

నవంబర్ 15, బుధవారం. గాలి 3. పొగమంచు.

ఇవాళ పెద్ద గండం తప్పింది.

నేను పైన ఉంటే కింద నాకు కళ్ళూ చెవులూ సిగ్నలన్న. నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయన వాకీటాకీలో "ఎడమకి" అంటే నేను "ఎడమకి" అని తిరిగి చెప్పి, అప్పుడు కదుపుతాను. తిరిగి చెప్పనిదే క్రేను కదలకూడదు. అది రూలు.

పొద్దున మంచులో సరుకు దించేచోట ఏమీ కనిపించడం లేదు. ఇనప చువ్వల కట్ట దింపుతున్నాను. సరిగ్గా అప్పుడే ఆయన వాకీటాకీ బ్యాటరీ అయిపోయింది. పక్కనున్న మేస్త్రీ చేతిలో ఇంకోటి ఉంటే, "ఆపమని చెప్పు" అన్నాడట. ఈ మహానుభావుడు నాతో ఏమన్నాడంటే, "అన్నా, కొంచెం చూసుకుని నెమ్మదిగా దించు." ఆపు అంటే నేను బెదిరిపోతానని మెత్తగా చెప్పాడట. కట్ట వెళ్ళి చెక్కల మీద కూర్చుంది. రెండు చెక్కలు విరిగాయి. అక్కడ నిమిషం ముందు దాకా ఇద్దరున్నారు. టీకి వెళ్ళారు. ఎవరు పెట్టిన ముహూర్తానికి వెళ్ళారో గానీ, ఆ టీకి దండం పెట్టాలి.

దిగి వచ్చి మేస్త్రీని కడిగేశాను. "నీ మంచితనం ఎవడికి కావాలయ్యా. ఆయన ఏ మాటంటే ఆ మాట చెప్పు. నీ సొంత కవిత్వం కలపకు" అన్నాను. సిగ్నలన్న మాత్రం మేస్త్రీని ఏమీ అనలేదు. "తప్పు నాదే. మధ్యలో మనిషిని పెట్టకూడదు. చెయ్యూపుకుంటూ నేనే నీకు కనపడేచోటికి పరిగెత్తాల్సింది" అన్నాడు.

పెద్ద మనిషి. ఇలాంటివాడు కింద ఉండబట్టే పదకొండేళ్ళుగా పైన నిశ్చింతగా కూర్చున్నాను.

ఇంట్లో చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పను.

నవంబర్ 16, గురువారం. గాలి 4.

చెప్పాను. అంటే, పిచ్చుకతో చెప్పి పంపాను. "మీ అమ్మతో చెప్పు, నిన్న ఇద్దరు చావబోయి బతికారు, ఈ ఇంట్లో నేను బతికున్నానో లేదో అడిగే దిక్కు లేదని."

ఫ్రిజ్ దగ్గర చాలాసేపు ఆగింది. తిరిగొచ్చి, "అమ్మ చాలా భయపడింది నాన్నా. జాగ్రత్తగా ఉండమంది" అంది.

ఇరవై రెండు రోజులు. ఇంత భయపడిన మనిషి నడవా దాటి నాలుగడుగులు వేస్తే ఏం. వేస్తుందిలే. ఇవాళ కాకపోతే రేపు.

నవంబర్ 18, శనివారం. గాలి 5.

ఇక ఆగలేక నేరుగా అడిగించాను. "ఇంతకీ వెళ్తున్నట్టా, లేనట్టా?"

పిచ్చుక వెళ్ళింది. వచ్చింది. నా వంక చూడకుండా టీవీ వంక చూస్తూ, "వెళ్ళడం లేదంట" అంది.

దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాను. బరువెక్కింది పిల్ల, నడుం పట్టేసింది. అయినా ఫర్వాలేదు.

నవంబర్ 20, సోమవారం. గాలి 4.

ఆవిడకి చెప్పులు కొన్నాను. రోజంతా నిలబడే ఉద్యోగం కదా, మెత్తటివి. తనొచ్చి మాట్లాడగానే ఇస్తాను. సంచీ మంచం కింద ఉంది.

నవంబర్ 22, బుధవారం. గాలి 7.

మధ్యాహ్నం షాపు యజమాని ఫోన్ చేశాడు. "మీరు పెద్ద మనసు చేసుకున్నారు. ఆ రోజు ఏదో అన్నా, సంతోషంగా వెళ్ళి రమ్మన్నారట కదా. ఆవిడ చెప్పి మురిసిపోయింది. అక్కడ గదికి అడ్వాన్సు కూడా ఇచ్చేశాం" అన్నాడు.

నేనెప్పుడు రమ్మన్నాను? వెళ్ళనన్న మనిషికి గదెందుకు? ఐదింటిదాకా పైన ఎలా కూర్చున్నానో నాకే తెలియదు. ఎడమకి, కుడికి అని తిరిగి చెబుతూనే ఉన్నాను, నోరు దాని పని అది చేసింది.

ఆవిడ రాగానే నడవాలోనే నిలబెట్టి అడిగేశాను. "వెళ్ళనన్నావు కదా. మళ్ళీ గదేంటి?"

ఇరవై ఎనిమిది రోజుల తర్వాత నేరుగా అన్న మొదటి మాట. మొహం ఎంత బాగా పెట్టుకుని అన్నానో.

"వెళ్ళనని నేనెప్పుడన్నాను?" అంది.

"శనివారం. పిచ్చుకతో చెప్పి పంపావు."

"సంతోషంగా వెళ్ళమని నువ్వే కదా అన్నావు. శనివారమే. పిచ్చుకతో చెప్పి పంపావు."

ఇద్దరం ఒకేసారి తిరిగి చూశాం. అది ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడి ఉంది. యూనిఫారం కూడా మార్చుకోలేదు.

"ఏమ్మా?" అంది వాళ్ళమ్మ.

"నువ్వు వెళ్తున్నావని చెప్తే నాన్న అరుస్తాడు. నాన్న ఒప్పుకోలేదని చెప్తే నువ్వు ఏడుస్తావు" అంది. "అందుకని ఎవరికి కావలసింది వాళ్ళకి చెప్పాను."

"శనివారం ఒక్కటేనా?" అన్నాను.

అడ్డంగా తలూపింది. మొదటి రోజు నుంచీ అట.

డబ్బా మూత సంగతి అడిగాను. "కళ్ళున్నాయి కదా, వెతుక్కోమను" అని వాళ్ళమ్మ అన్నదట. నీలం చొక్కా మాట అసలు లేనేలేదు. నేనన్నవీ అంతే. కొత్త షాపుకి మూత పట్టుకుపోతుందా అని నేనంటే, అది వంటింట్లోకి వెళ్ళి "నువ్వైతే టక్కున వెతికి పెడతావని నాన్న అన్నాడమ్మా" అని చెప్పిందట. చావబోయి బతికిన సంగతి నేను ఏడుపుగొట్టుగా చెప్పి పంపితే, అది "నాన్నకి భయమేసి నువ్వు గుర్తొచ్చావంట" అందట.

"ఇవన్నీ ఎలా వచ్చాయే నీకు?" అంది వాళ్ళమ్మ.

"ఇక్కడ నిలబడి ఆలోచించుకునేదాన్ని" అంది పిచ్చుక. కాసేపు ఫ్రిజ్ తలుపు మీద వేలితో గీతలు గీసింది. "ఇంక నా దగ్గర ఏమీ లేవు నాన్నా. తెలిసిన మంచి మాటలన్నీ చెప్పేశాను."

కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది. మేమిద్దరం ఫ్రిజ్‌కి చెరోపక్కా నిలబడిపోయాం.

నవంబర్ 23, గురువారం.

గాలి అసలు లాగ్‌బుక్కులో రాశాను. ఇక్కడ రాయబుద్ధి కాలేదు.

నవంబర్ 24, శుక్రవారం. గాలి 4.

ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. మోసే మనిషి లేదు, మాకు చేతకాదు. ఉప్పు కావలసి లేచి వెళ్ళి నేనే తెచ్చుకున్నాను. ఆవిడ పక్కకి తప్పుకుంది. రైల్లో ఎదురుపడ్డవాళ్ళలా ఉన్నాం.

మేస్త్రీని అంతలేసి మాటలు అన్నాను. సొంత కవిత్వం కలపకన్నాను. నా ఇంట్లో నా కూతురు నెల్లాళ్ళుగా కలుపుతోంది, అది తింటూ నేను కడుపు నిండిందనుకున్నాను. అంత మెత్తటి మాటలు ఎవరివని ఒక్కసారైనా అనుమానం రాలేదు. మొగుడూ పెళ్ళాలం మొహాలు తిప్పుకుని పదేళ్ళ పిల్ల నెత్తిన ఇంత బరువు పెట్టాం.

పొద్దున మేస్త్రీకి టీ ఇప్పించి తప్పయిపోయిందన్నాను. వాడు కంగారుపడి రెండు టీలు తాగాడు.

నీళ్ళు ఎక్కువ తాగమన్నది ఆవిడ కాదు. పిల్ల. రెండున్నర వారాలుగా రోజూ రెండు సీసాలు ఖాళీ చేస్తున్నాను, ఆ పిల్ల మాట మీద.

సిగ్నలన్నతో ఇంట్లో సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "కనపడేచోటికి వెళ్ళు తమ్ముడూ" అన్నాడు, అంతే.

నవంబర్ 25, శనివారం. గాలి 5.

ఒంటిగంటకి దిగి ఆవిడ షాపుకి వెళ్ళాను. పదిహేనేళ్ళలో గడప దాటి లోపలికి వెళ్ళడం ఇదే మొదలు. ఎప్పుడూ బయట బండి మీదే కూర్చుని హారన్ కొట్టేవాణ్ణి. కౌంటరు దగ్గర అమ్మాయి గుర్తుపట్టి లేవబోతే, "టోకెన్ ఇవ్వమ్మా" అన్నాను. పదకొండు.

నా ముందు పదో నంబరు ఒక పెద్దాయన. చీకటి గది తలుపు సగం తెరిచే ఉంది. "ముందుది బాగుందా, ఇప్పటిదా?" అంటోంది. ఆయన "ఏమోనమ్మా" అంటున్నాడు. "తొందరేం లేదు, మళ్ళీ చూద్దాం. ముందుదా, ఇప్పటిదా?" లెక్కపెట్టాను. పదిహేడుసార్లు. ఒక్కసారి కూడా గొంతు మారలేదు. చివరికి ఆయన ఒక అక్షరం చదివాడు. "అదీ, చూశారా" అంది. ఆయనకంటే తనే ఎక్కువ సంతోషపడింది.

పెట్టి తియ్యడం అన్నాను నేను దీన్ని. నలుగురిలో అన్నాను.

"పదకొండు" అని పిలిచింది. నేను వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. నన్ను చూసింది, చేతిలో టోకెన్ చూసింది. తర్వాత, "గడ్డం ఇక్కడ ఆనించండి" అంది.

అండి. పెళ్ళయిన దగ్గర్నుంచి ఒక్కనాడు నన్ను మీరు అన్న పాపాన పోలేదు. బాగానే అనిపించింది, అబద్ధం ఎందుకు.

బరువైన ఇనప కళ్ళజోడు ముక్కు మీద పెట్టింది. అద్దం మార్చింది. "ముందుది బాగుందా, ఇప్పటిదా?"

"ఆ రోజు టీ తాగుతూ నేనన్నమాట తప్పు" అన్నాను.

"ఏ మాట?"

వదల్లేదు. మొత్తం చెప్పించింది. కళ్ళజోడు పెట్టి తియ్యడానికి మేనేజరు దేనికి, పోవాలనుంటే పో, అన్నీ. ఆ కళ్ళజోడులోంచి నాకు తన మొహం సరిగ్గా కనిపించలేదు, అలికినట్టుంది. అదీ ఒకందుకు మంచిదే, చూస్తే చెప్పలేకపోయేవాణ్ణి. బయట పన్నెండో నంబరు దగ్గాడు.

"కదలకండి" అంది. అద్దం మార్చింది. మొహం తేటగా కనిపించింది. కళ్ళ నిండా నీళ్ళు.

"ఇప్పుడు?"

"ఇదే బాగుంది" అన్నాను.

చీటీ రాసిచ్చింది. నిజంగానే దగ్గరచూపు తగ్గిందట, చదవడానికి ప్లస్ ఒకటి. డిస్కౌంటు మాత్రం ఇవ్వలేదు.

నవంబర్ 27, సోమవారం. గాలి 4.

నిన్న ఆదివారం పిచ్చుకని స్నేహితురాలి పుట్టినరోజుకి దింపి వచ్చి, వంటింట్లో ఫ్యాన్ ఆపి కూర్చున్నాం.

తను మొదలుపెట్టింది. "నలుగురి ముందు నన్ను నవ్వులపాలు చేశావు."

"అది కాదు" అని నోటి చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. "నలుగురి ముందు నిన్ను నవ్వులపాలు చేశానంటున్నావు" అన్నాను.

"ఇదేంటి, చిలకలా?"

"సైట్లో ఇంతే. చెప్పింది తిరిగి చెప్పకపోతే క్రేను కదలకూడదు."

"అంటే నేను సిమెంటు బస్తానా?" అంది. నవ్వొచ్చినా ఆపుకుంది, నాకు తెలుస్తుంది. "సరే, ఇది తిరిగి చెప్పు. నాకు ఆ జోకు గురించి కాదు. మంచి జరిగిందని తెలిసిన అందరూ బాగుందన్నారు. నువ్వొక్కడివే అనలేదు."

"అందరూ బాగుందన్నారు. నేనొక్కణ్ణే అనలేదు" అన్నాను. అది నా నోటితో అన్నాకే అర్థమైంది. తను అన్నప్పుడు ఆరోపణ. నేను అన్నాక నిజం.

తర్వాత నా వంతు. తిప్పీ తిప్పీ చెప్పాను. వంట అన్నాను, పిల్ల చదువన్నాను, బస్సులన్నాను. తను ఓపిగ్గా విని, "నీకు భయమేసింది" అంది.

"అంత కాదు."

"మరి ఏమిటో నువ్వే చెప్పు."

ఇంటికొచ్చేసరికి ఎవరూ ఉండరని భయమేసిందని చెప్పాను. నువ్వు మేనేజరువైతే నేను ఇనప పంజరంలో కూర్చునేవాణ్ణే కదా అని కూడా చెప్పాను. నవ్వలేదు తను. అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పింది. అవునన్నాను.

"ఇంకోటి తెలుసా" అంది. "నువ్వు అంత మంచిగా కబుర్లు పంపుతుంటే, రేపో మాపో నువ్వే వచ్చి మాట్లాడతావని నేను చూస్తూ కూర్చున్నాను."

నేనూ అంతే. పిల్ల మమ్మల్ని కలపాలని చూసింది. మేం ఆ మాటల్ని దిండుగా వేసుకుని పడుకున్నాం.

చెప్పులు ఇచ్చాను. ఒక సైజు చిన్నవి. మార్చుకొస్తానంటే, "వద్దు, నేనూ వస్తాను" అంది.

నవంబర్ 29, బుధవారం. గాలి 6.

గది వద్దని చెప్పేశాం. పొద్దున ఏడింటి బస్సుకి వెళ్ళి రాత్రి ఎనిమిదికి వస్తుంది. మూడు నెలలు చూసి, కష్టమైతే మళ్ళీ కూర్చుని మాట్లాడుకుందాం అంది. పిల్లని బడికి దింపడం, సాయంత్రం బడి లైబ్రరీలోంచి తెచ్చుకోవడం, రాత్రి వంట నావి. తిరిగి చెప్పమంది. చెప్పాను. "వంట" అన్నప్పుడు మాత్రం రెండుసార్లు చెప్పించింది.

బాగుంది అన్నాను. నువ్వు మేనేజరు కావడం చాలా బాగుంది అన్నాను. ముప్ఫై నాలుగు రోజులు ఆలస్యంగా.

పిచ్చుకని మధ్యలో కూర్చోబెట్టుకుని, ఇక మా కబుర్లు నువ్వు మోయక్కర్లేదని ఇద్దరం చెప్పాం. "ఎప్పటిదాకా?" అంది.

డిసెంబర్ 2, శనివారం. గాలి 3.

ఇది జాగ్రత్తగా రాయాలి.

పొద్దున తను షాపుకి బయల్దేరుతోంది, పాత షాపులో చివరి రోజు. నేను వంటింట్లో పళ్ళెం కడుగుతున్నాను. పిచ్చుక వచ్చింది. ఫ్రిజ్ దగ్గర ఆగలేదు. నేరుగా వచ్చింది.

"నాన్నా, ఒకటి చెప్పాలి."

అలవాటు చెడ్డది. "అమ్మ చెప్పమందా?" అన్నాను.

"కాదు. ఎవరూ చెప్పమనలేదు. నాదే."

పళ్ళెం పక్కన పెట్టాను.

"నాకు బోర్డు మీద రాసింది కనిపించడం లేదు. బడి తెరిచిన దగ్గర్నుంచీ."

అంకెలు. ఎనిమిదికి మూడు, ఏడుకి ఒకటి. పక్క క్రేనుకి చెయ్యి ఊపడం. పరధ్యానం అని కోప్పడ్డాను. ఎర్ర గుడ్డ కట్టమన్నది ఎందుకో కూడా ఇప్పుడు తెలుస్తోంది.

"బోర్డు మీద రాసింది నీకు కనిపించడం లేదు" అన్నాను.

"ఆఁ" అంది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం తల్లీ?"

"మీవి అయిపోయాక చెబుదామనుకున్నాను" అంది.

వాళ్ళమ్మ చేతిసంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి అంతా వింది. "ఊళ్ళో అందరి కళ్ళూ చూస్తాను" అంది. వచ్చి నేల మీద కూర్చుని పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. నేనూ తడి చేతులతోనే కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. మొట్టమొదటిసారి ఆ పిల్ల చేత మాటలు మోయించకుండా దాని మాట విన్నాం.

ముగ్గురం కలిసే షాపుకి వెళ్ళాం. ఆ చీకటి గదిలో తను చూసిన ఆఖరి కళ్ళు పిచ్చుకవి. టోకెన్ కావాలని పట్టుబట్టి తీసుకుంది పిచ్చుక. ముందుదా, ఇప్పటిదా, ముందుదా, ఇప్పటిదా. తన గొంతు ఒక్కసారి వణికింది. పిల్ల "తొందరేం లేదమ్మా" అంది.

మైనస్ ఒకటిన్నర. గుండ్రటి ఆకుపచ్చ ఫ్రేము అదే ఏరుకుంది. అద్దాలు వాళ్ళమ్మే కూర్చుని బిగించింది.

డిసెంబర్ 4, సోమవారం. గాలి 5.

తనని ఏడింటి బస్సు ఎక్కించాం. కిటికీలోంచి ఏదో అంది, బస్సు మోతలో వినపడలేదు. పిచ్చుక నా వంక చూసింది, నేను దాని వంక చూశాను. అది నోరు మూసుకుంది. నేనే బస్సు పక్కన నాలుగడుగులు పరిగెత్తి, "ఏంటీ?" అని అడిగాను.

"కూరలో ఉప్పు చూసుకో" అంది.

"కూరలో ఉప్పు చూసుకోవాలి" అన్నాను. బస్సంతా నవ్వారు. తను కూడా.

డిసెంబర్ 5, మంగళవారం. గాలి 3.

పదీ నలభై. పిచ్చుక గ్రౌండ్‌లోకి వచ్చింది. ముందు పక్క క్రేను వంక చూసింది. చేత్తో కళ్ళజోడు సర్దుకుంది. మెల్లగా ఇటు తిరిగింది. ఎర్ర గుడ్డ దగ్గర ఆగిపోయి, వేలు పెట్టి చూపించింది, ఎవరికో మరి. తర్వాత రెండు చేతులూ ఎత్తింది.

నేనూ రెండు చేతులూ ఎత్తాను. వాకీటాకీలో సిగ్నలన్న, "ఎవరికి తమ్ముడూ ఆ సిగ్నలు?" అన్నాడు.

"మా అమ్మాయికన్నా" అన్నాను. "ఇవాళ నాకే ఊపుతోంది."